చేప కన్ను మునిగిన రోజు

బహుధాన్య సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి, శుక్రవారం

చెరువు తెగి ఇది మూడో రోజు.

ఈ పుస్తకం బడిలో హాజరు వేయడానికి ఇచ్చినవాటిలో మిగిలింది. ముప్పై రెండేళ్లు ఊరి పిల్లల పేర్లు రాశాను. ఇప్పుడు నా మాటలు రాసుకుంటాను. ఎవరికీ చూపడానికి కాదు. పాన్‌గల్ చుట్టుపక్కల చదివేవాళ్లు ఎందరున్నారో నాకు తెలుసు, వాళ్లకు చదువు చెప్పింది నేనే.

కిందివాడలో పదమూడు ఇళ్లు పోయాయి. ఇంకో ఇరవై రోజుల్లో కోయవలసిన వరి మోకాలెత్తు ఇసుక కింద ఉంది. కిందివాడ రైతు హైదర్ పోయాడు. ఎడ్లను విప్పబోయి వాటితోనే కొట్టుకుపోయాడు. తుమ్మకంపలో తట్టుకున్న శవాన్ని అతని తమ్ముడు జహంగీర్ భుజాన వేసుకుని తెచ్చాడు.

హైదర్ భార్య జమీలాబీని మా చెల్లెలు మణెమ్మ తీసుకొచ్చి మా పశువుల కొట్టంలో ఉంచింది. నన్నడగలేదు. వాళ్ల ఆచారం ప్రకారం మొగుడు పోయాక నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు. అడ్డంగా గోనెపట్టా కట్టారు.

"అయితే నా ఎద్దులు వానలో నిలబడాలన్నమాట" అన్నాను.

"నీ ఎద్దులకేం మొగుడు పోయిండా?" అన్నది మణెమ్మ.

చతుర్దశి, శనివారం

చావడిలో పంచాయతీ. మా చెరువు తూము రాతి మీద ఒక చేప చెక్కి ఉంది. వానలు సరిగా పడని సీమ కాబట్టి, ఇంకొంచెం నీరు నిలవాలని రైతులు ఏటా అలుగు మీద బంకమట్టి, రాళ్లు మూరెడెత్తు పేరుస్తారు. నీరు చేప కన్ను ముట్టిందంటే ఆ మట్టి తీసి నీటిని అలుగు మీదుగా వదలాలి. తీయవలసినవాడు చెరువు కాసే నీరటి రామన్న. కాని ఊరి అయిదుగురు పెద్దల్లో ఒకరి మాట లేకుండా తీస్తే వాడి మాన్యం పోతుంది. ఇదీ కట్టుబాటు. ఈసారి మట్టి తీయలేదు. కట్ట తెగింది.

"కట్ట ఇడిసి ఎటు పోయినవ్‌ర?" అని దేవరాజు గర్జించాడు. దేవరాజు ఊరి షావుకారు, అయిదుగురిలో ఒకడు. తూకం రాళ్లలాగే మాటలు కూడా తక్కువ బరువువి వాడతాడు.

"మీ కాడికే వచ్చిన, అయ్యా. దసరానాడు పొద్దుగాల చేప కన్ను మునిగింది. మీరంత వనపర్తికి వేడుక చూడ పోయింటిరి. మిమ్ముల అడుగనీకి నడుసుకుంట వచ్చిన. ఆ మందిల మీరు దొరకలె. మల్లొచ్చేటప్పుడు వాగు అడ్డమొచ్చె."

"ఊర్లె పంతులు ఉండె గద. పెద్దమనిషి కాడా ఆయన?"

"ముందుగాల ఆయన్నే అడిగిన. దేవరాజు షావుకారును అడుగుపో అన్నడు."

అందరూ నా వైపు తిరిగారు.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

అరవై ఎనిమిదేళ్లవాణ్ణి. ఎవరెవరికి ఏమేం చెప్పానో అన్నీ గుర్తుండాలా?

జహంగీర్ లేచి రామన్న తలగుడ్డ లాగి పడేశాడు. "మా అన్న ఎడ్లు ఇప్పబోయిండు. నువ్వు దసరా చూడబోయినవ్. ఇంకొక్కపారి కట్ట మీద కాలు పెట్టినవంటే అండ్లనే పూడ్చిపెడ్త."

రామన్నతో ఎవరూ మాట్లాడకూడదని, నిప్పు నీళ్లు ఇవ్వకూడదని తీర్మానం.

నేను చెప్పింది అడిగి చెయ్యమని. కట్ట విడిచి పొమ్మని కాదు.

బహుళ పాడ్యమి, సోమవారం

పని మొదలైంది. పుష్యంలోపు గండి పూడిస్తేనే అడుగున మిగిలిన నీటితో, ఊటతో యాసంగి పంటకు నారు పోయవచ్చు. లేకపోతే సగం ఊరు కూలికి వలస పోతుంది. సర్కారు వచ్చి కట్టేదాకా ఆగుదామన్నవాళ్లున్నారు. "సర్కారు వచ్చేదాక మన పొట్టలు ఆగుతయా?" అని జహంగీర్ పార ఎత్తాడు. నూనె గానుగ ఆడించేవాడు అతను. తమ్ముళ్లూ బావమరుదులూ అతని వెంట నడిచారు, తరువాత ఊరు నడిచింది.

జమీలాబీ పట్టా వెనకే కూర్చుని అందరికీ జొన్న సంకటి వండుతోంది. మణెమ్మ మోసుకుపోతోంది. నాకు కూడా ఒక ముద్ద పంపుతారు. ఉప్పు సరిగా ఉంటుంది.

విదియ, మంగళవారం

నాగర్‌కర్నూలు నుంచి ఇరవై ఇద్దరు యువకులు బండ్లలో వచ్చారు. ముందు బండికి ఒక గుడ్డ కట్టి, దాని మీద సేవాసంఘం అని రాసి ఉంది. నాయకుడు రామచంద్రయ్య, అక్కడ వకీలు. నా దగ్గరే చదివాడు. ఎక్కాలు పన్నెండు దాటి రాలేదు. గండి అంచున నిలబడి గంటసేపు మాట్లాడాడు. త్యాగం అన్నాడు, జాతి అన్నాడు. కింద మట్టి మోస్తున్నవాళ్లు ఆయన అడ్డం తొలగితే దారి దొరుకుతుందని గంపలతో నిలబడ్డారు.

మధ్యాహ్నానికి ఇరవై ఇద్దరి అరచేతులూ బొబ్బలెక్కాయి.

పంచమి, శుక్రవారం

గద్వాల నుంచి పదకొండు మంది నేతగాళ్లు కాలినడకన వచ్చారు. పేర్లు అడిగితే నవ్వి ఊరుకున్నారు. అమ్రాబాద్ అడవి నుంచి ఎవరో బండెడు వెదురు గంపలు పంపారు. వీళ్లు ప్రసంగాలు చేయలేదు. ప్రపంచంలో జరిగే పనంతా ఇలాంటివాళ్లే చేస్తారని, చరిత్రలు మాత్రం రామచంద్రయ్యలు రాస్తారని చాలాకాలంగా నా అభిప్రాయం.

నాగర్‌కర్నూలు వాళ్లలో తొమ్మిది మంది వెళ్లిపోయారు. గుడ్డ మాత్రం ఉంది.

అష్టమి, సోమవారం

పూడ్చిందంతా పోయింది. గండి అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తిన్నగా కట్టారు. సరిగ్గా మధ్యలో వరద తవ్విన మడుగు ఉంది, అందులోకి మట్టి జారిపోయింది. ఎనిమిది రోజుల పని. రామన్న తన గుడిసె వెనక గుట్ట మీద కూర్చుని చూస్తున్నాడట. చూడనీ.

నవమి, మంగళవారం

రామన్న భార్య జోగులమ్మ దొడ్డివైపు మజ్జిగకు వచ్చింది. ఊరి తీర్మానం మణెమ్మకు పట్టదు. నేను కిటికీ పక్కనే చదువుకుంటున్నాను.

"తిన్నగ కడ్తె ఏడ నిలుస్తదమ్మా?" అంటోంది జోగులమ్మ. "నా మొగడు గుట్ట మీద కూసొని నెత్తి కొట్టుకుంటుండు. మడుగును ఇడిసిపెట్టి, దాని సుట్టు విల్లు వంచినట్ల తిప్పి కట్టాలెనంట. బెత్తెడు మందం రేగడి పొయ్యాలె, తడపాలె, కురుమోళ్ల గొర్రెల మందను దాని మీద తోలాలె. తొక్కినంక మల్లొక బెత్తెడు. మొన్న దసరానాడు గూడ నా మొగడు పంతులయ్య కాడికొచ్చి..."

దుమ్ము వస్తోందని కిటికీ మూశాను.

దశమి, బుధవారం

ఉదయం గండి దగ్గరికి వెళ్లి జహంగీర్‌తో చెప్పాను. మడుగు చుట్టూ విల్లులా వంచి కట్టాలని, గొర్రెలను తోలి తొక్కించాలని. పూర్వం పెద్ద పెద్ద చెరువులు అలాగే కట్టారని ఒక గ్రంథంలో చదివానన్నాను. చదివే ఉంటాను. అంత చదివినవాణ్ణి, ఇది చదవకుండా ఉంటానా?

జహంగీర్ కళ్లు మెరిశాయి. "జర ముందుగాల చెప్తె ఎట్లుండె, పంతులు సాబ్! అరే, చదివినోడు చదివినోడే!" అని అందరినీ పిలిచాడు.

రామచంద్రయ్య నా పాదాలు తాకాడు. వాడు బడి విడిచాక నన్ను గురువుగా గుర్తించడం ఇదే మొదటిసారి. దేవరాజు మాత్రం మీసం దువ్వుకుంటూ, "ఈపారి ఏ పుస్తకం తెరిచిండో" అన్నాడు.

ఆ మాట ఇక్కడ రాయవలసిందే. రెండేళ్ల కింద ఇలాగే నీరు చేప కన్ను ముట్టితే రామన్న నన్నడిగాడు. తీయమన్నాను. తీశాడు. ఆ తరువాత చినుకు పడలేదు. కార్తీకంలో వరి ఎండిపోయింది. దేవరాజు చావడిలో అందరి ముందు, "పంతులు పుస్తకం తెరిచిండు, చెరువు ఎండింది" అన్నాడు. ఊరంతా నవ్వింది. హైదర్ కూడా నవ్వాడు. ఆ ఏడంతా పిల్లలు నేను కనిపిస్తే చాలు పుస్తకం తెరిచినట్టు చేతులు విప్పేవారు. కట్టుబాటు ప్రకారం నడుచుకున్నందుకు నాకు దక్కిన మర్యాద ఇది.

అటువంటప్పుడు దసరానాడు నేను మళ్లీ ఎందుకు నోరు విప్పాలి? దేవరాజును అడగమన్నాను. తప్పేముంది? అడగమన్నాను, అంతే.

ఏకాదశి

గొర్రెల మంద వచ్చింది. కట్ట విల్లులా వంగుతోంది. చూడముచ్చటగా ఉంది.

అమావాస్య, ఆదివారం

దీపావళి. ఎవరూ దీపాలు పెట్టలేదు. మణెమ్మ కొట్టం ముందు ఒకటి పెట్టింది.

కార్తీక శుద్ధ పంచమి, శుక్రవారం

మళ్లీ పోయింది.

మనిషెత్తు లేచిన కట్ట అడుగు నుంచి ఊటెత్తి కుంగింది. గద్వాల నేతగాడొకడు నడుముదాకా మట్టిలో కూరుకుపోయాడు. లాగేసరికి కుడిచెయ్యి విరిగింది. బండిలో వేసి వనపర్తి దవాఖానాకు తీసుకుపోయారు. పేరు అప్పుడు తెలిసింది, తిప్పన్న. నేతగాడికి కుడిచెయ్యి!

ఇంటికి వచ్చి మణెమ్మతో, ఆ పద్ధతే తప్పు అన్నాను.

"పద్ధతి తప్పు గాదు. కింద ఇసుకంత తీసి, గట్టి నేల తగిలేదాక తవ్వినంకనే మొదలుపెట్టాలె అన్నది జోగులమ్మ."

"నాతో అనలేదు."

"నువ్వు కిటికి మూసినవ్, అన్నా."

సప్తమి

ఏమీ రాయబుద్ధి కాలేదు.

అష్టమి, సోమవారం

మనుషులు పలచబడ్డారు. నాగర్‌కర్నూలు వాళ్లు ముగ్గురు మిగిలారు, వాళ్లలో ఒకడికి జ్వరం. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఊరు రామన్న మీదికి మళ్లింది. రామచంద్రయ్య సర్కారుకు అర్జీ రాశాడు. దసరా వేడుకకోసం కట్ట విడిచి పోయినందుకు రామన్నను నీరటి పని నుంచి తీసివేసి, మాన్యం లాక్కుని, ఊరు వెళ్లగొట్టాలని. అయిదుగురిలో నలుగురు వేలిముద్రలూ దస్కతులూ పెట్టారు. నాది మిగిలింది. కాగితం నా దగ్గరే ఉంది. బుధవారం తీసుకుపోతాడట.

భాష శుద్ధంగా ఉంది. వాడికి వ్యాకరణమైనా అబ్బింది.

దస్కతు పెడితే నష్టమేమిటి? నలుగురు పెట్టాక నాది ఉన్నా లేకున్నా ఒకటే. రామన్న ఎక్కడైనా బతుకుతాడు. పని తెలిసినవాడు.

నవమి, మంగళవారం

మణెమ్మ సంకటి మోసుకుపోయింది. నేను అరుగు మీద కూర్చుని అర్జీ మళ్లీ చదువుతున్నాను. పట్టా వెనక నుంచి జమీలాబీ మాట వినిపించింది. ఇన్ని రోజుల్లో నాతో మాట్లాడటం ఇదే మొదలు.

"రామన్న కాయిదమా, అన్నా?"

అవునన్నాను.

"దసరానాడు పొద్దుగాల రామన్న మా ఇంటి ముంగటికెళ్లే పోయిండు. తడిసి ముద్దయిండు. మా ఆయన ఆపి, ఇంత వానల ఏడికిరా అనడిగిండు. పంతులయ్య అలుగు తియ్యమనడు, వద్దనడు, దేవరాజును అడుగుపో అంటడు, ఏం జెయ్యాలె అన్నడు. మా ఆయన రెండు రొట్టెలు మూట కట్టిచ్చిండు, తొవ్వల తినమని. నేనే చేసిన ఆ రొట్టెలు."

అర్జీ మడిచి పక్కన పెట్టాను. "మరి జహంగీర్‌తో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎట్ల చెప్పాలె? నీ కొట్టంల ఉన్న. నీ చెల్లె పెట్టింది తింటున్న. పెద్దోనివి, నువ్వే చెప్తవనుకున్న. ఒక దినమాయె, రెండు దినాలాయె. నేను మరిది ముంగట కూసొని చెప్పనీకి ఇంక మూడు నెలలు పడ్తది. అప్పటికి రామన్న ఊర్ల ఉండడు."

లోపల రొట్టె తట్టే చప్పుడు మళ్లీ మొదలైంది.

నేను చెప్పింది

నేను రామన్నతో చెప్పింది ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వాడు వానలో వాకిట నిలబడి, "కన్ను మునిగింది అయ్యా, తియ్యమంటరా?" అన్నాడు. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "నేను తీయమంటే చెరువు ఎండుతుందట కదా. పో, పోయి దేవరాజును అడుగు" అన్నాను. "ఆయన వనపర్తిల ఉన్నడు అయ్యా, నేను పోతే కట్ట కాడ ఎవరుంటరు?" అన్నాడు. "అది నాకెందుకు? పొమ్మన్నానా లేదా?" అన్నాను.

పొమ్మన్నాను. నాలుగు వారాలుగా గుర్తుంది.

దశమి, బుధవారం

కాగితం తీసుకుని కట్ట దగ్గరికి వెళ్లాను. జహంగీర్, దేవరాజు, రామచంద్రయ్య, నలభై మంది దాకా ఉన్నారు. చెప్పేశాను. వాన, వాకిలి, పుస్తకం, పొమ్మనడం. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన గొంతు, అందరికీ వినిపించే ఉంటుంది. గొర్రెల పద్ధతి ఏ గ్రంథంలోనూ లేదని, రామన్నదని కూడా చెప్పాను.

అక్కడితో ఆగవలసింది. ఆగలేదు. రెండేళ్ల కిందటి దేవరాజు ఎగతాళి సంగతి ఎత్తుకున్నాను. అతను ఆనాడు నవ్వకపోతే నేను ఈనాడు ఇలా చేసేవాణ్ణి కానని, దోషంలో అతనికీ వాటా ఉందని వివరిస్తూ పోయాను. మధ్యలో చూస్తే ఎవరూ వినడం లేదు. అందరూ జహంగీర్‌ను చూస్తున్నారు.

అతని నెత్తి మీద గంప ఉంది. దించలేదు. మట్టినీళ్లు మొహం మీదుగా కారుతున్నాయి.

"మా అన్నను పూడ్చినంక," అన్నాడు మెల్లగా, "రెండు వారాలు నా పక్కన నిలవడి నాకు చెరువు కట్టుడు నేర్పిస్తివా, పంతులూ?"

సాబ్ అనలేదు.

గంప అక్కడే పడేసి గుట్ట వైపు నడిచాడు. కాసేపటికి రామన్నతో తిరిగివచ్చాడు. రామన్న తలకు గుడ్డ ఉంది. జహంగీర్ తలకు లేదు.

రామన్న గండిలోకి దిగి, పిడికెడు ఇసుక తీసి చూసి పారేశాడు. "ఇదంత తియ్యాలె. గట్టి నేల ఇంక రెండు నిలువులు ఉంటది. పారలు తెండ్రి."

నేను అర్జీ చింపాను. అది పెద్ద పనేమీ కాదు, అప్పటికే తడిసింది.

దేవరాజు నా పక్కనుంచి పోతూ, "ఇది ఏ పుస్తకంల ఉన్నదో" అన్నాడు. ఒక్కరు కూడా నవ్వలేదు. అయినా అతని కళ్లలోకి చూడలేకపోయాను.

ఏకాదశి

గంప ఎత్తుకున్నాను. ఎవరూ ఎత్తమనలేదు, వద్దనలేదు. పదకొండు గంపలు. వరసలో నా ముందువాడూ వెనకవాడూ నాతో మాట్లాడలేదు.

ద్వాదశి

ఏడు గంపలు. నడుము.

పౌర్ణమి, సోమవారం

చంద్రగ్రహణమట. పంచాంగం చూసి పని మానేద్దామని దేవరాజు అన్నాడు. "చంద్రున్ని చంద్రుడు చూసుకుంటడు, మనది మనం చూసుకుందం" అన్నాడు రామన్న. మొదటిసారి నాకు వాడి మీద ఈర్ష్య పుట్టింది. ఆ మాట నేను అనవలసింది.

సంకటి నాకు రావడం లేదు. జమీలాబీ మానేసిందా, మణెమ్మ తేవడం మానేసిందా అడగలేదు. నేనే వండుకుంటున్నాను. ఉప్పు ఎక్కువవుతోంది.

మార్గశిర శుద్ధ పంచమి

గట్టి నేల తగిలింది. రామన్న చెప్పినట్టే, రెండు నిలువులు. గొర్రెలు ఎక్కాయి. కట్ట బెత్తెడు బెత్తెడు లేస్తోంది. రామచంద్రయ్య వెళ్లిపోయాడు. అతని మనుషుల్లో జ్వరం వచ్చినవాడు మాత్రం ఇక్కడే ఉండి మోస్తున్నాడు. ప్రసంగం చేయడు. వాళ్ల గురించి నేను రాసినదాంట్లో కొంత తీసివేయాలి.

పుష్య శుద్ధ తదియ

కట్ట నిలిచింది. నారు పోశారు, మూడో వంతు పొలానికే. జహంగీర్ అన్న వంతు పొలంలో కూడా పోశాడు.

మాఘ బహుళ సప్తమి

ఈరోజు జమీలాబీ గడువు తీరింది. జహంగీర్ ఆమెకు కట్టిన గుడిసెకు వెళ్లిపోయింది. మణెమ్మ ఏడ్చింది. పట్టా విప్పాను. కొట్టం ఊడ్చి, అలికి, ముగ్గు కూడా వేసి పోయింది. ఎద్దులను కట్టబోతే లోపలికి రామని మొరాయించాయి.

వెళ్లేముందు నాకొకటి చెప్పమని మణెమ్మతో చెప్పిందట. "ఉప్పు తక్కువ ఏసుకోమను."

అది క్షమించడమో కాదో తెలియదు. ఇంత చదివినా కొన్నిటికి అర్థాలు దొరకవు.

ప్రమాది సంవత్సరం, భాద్రపద బహుళ సప్తమి, గురువారం

ఏడు నెలలుగా ఈ పుస్తకం ముట్టలేదు. రోజులు మామూలుగా గడిస్తే రాయడానికి ఏముంది? కంది బేడల ధర మళ్లీ పిరం. దేవరాజు మళ్లీ మీసం దువ్వుతున్నాడు.

నిన్నటి నుంచి వాన. గత ఏడు లాంటి వానే. పొద్దున్నే లేచి, చొక్కా వేసుకుని, పుస్తకాలన్నీ పెట్టెలో పెట్టి వాకిట్లో కూర్చున్నాను. రామన్న వస్తాడని. వస్తే ఏమనాలో రాత్రే అనుకున్నాను. ఒకే మాట: తీయి. అవసరమైతే వెంట వెళ్లి నేనే గడ్డపార పట్టాలని.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రాలేదు.

"ఎవరికోసం?" అని మణెమ్మ అడిగింది.

"కన్ను మునిగే ఉంటుంది."

"పొద్దుగాలనే మునిగిందంట. రామన్న, జహంగీర్ పోయి మట్టి తీసిన్రు. ఇంక ఎవర్ని అడిగేది లేదని ఉగాదినాడే చావడిల అనుకున్నరు గద. కన్ను మునిగితే నీరటి మాటే మాట. నీకు ఎవరు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. అయిదుగురిలో ఒకణ్ణి, నన్ను పిలవకుండా కట్టుబాటు మార్చారు. కోపం వచ్చింది. వచ్చిందనే రాస్తున్నాను. లేచి, పెద్దరికం అంటే ఏమిటో చావడికి వెళ్లి నాలుగు మాటలు చెప్పి వద్దామని గొడుగు తీశాను.

వీధిలోకి వచ్చేసరికి అలుగు చప్పుడు వినిపించింది. ఇంత దూరం వినిపిస్తుందని ఇన్నేళ్లలో నాకు తెలియదు. కిందివాడలో జమీలాబీ గుమ్మంలో రొట్టెలు మూట కడుతోంది, కట్ట మీద వాళ్లకు పంపడానికి కాబోలు. నన్ను చూసి తలమీద కొంగు సర్దుకుంది. మోసేవాళ్లెవరూ దగ్గర లేరు.

మూట అందుకుని, గొడుగు దాని మీదికి వంచాను. చావడి కుడివైపు. కట్ట ఎడమవైపు.

రొట్టెలు తడవకుండా చేర్చాను.